పిల్లలకు ఉచితం

నేను హన్మకొండ సుబేదారిలో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. పన్ను తగ్గుతుందంటే మనిషి కాగితం మీద ఏమైనా అవుతాడని నాకు అక్కడే తెలిసింది. కన్నతండ్రి ఇంటి ఓనర్ అవుతాడు, కొడుకు ఆయనకు అద్దె కడుతున్నట్టు రసీదులు పుడతాయి. కట్టుకున్న భార్య కొట్లో గుమాస్తా అవుతుంది. ఆ కొట్టు ఏ బజార్లో ఉందో పాపం ఆమెకు తెలియదు. నాగలి ముట్టనివాడు రైతవుతాడు. అందుకని మా పై వాటాలో ఉండే నాసిర్ తన భార్య పర్వీన్‌ను కూతురిగా రాసుకున్నాడని విన్నప్పుడు నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. నవ్వాను. ఆ రోజు అందరం నవ్వాం.

నాసిర్‌ను పిసినారి అని నేననను. పిసినారి పిల్లికి కూడా బిచ్చం పెట్టడు. నాసిర్ అలా కాదు, ఖర్చు పెడతాడు. కాకపోతే పెట్టిన ప్రతిసారీ ఎవరినో ఓడించినట్టు ఉండాలి అతనికి. హన్మకొండ చౌరస్తా దగ్గర ట్రాక్టర్ల షోరూంలో సేల్స్ పని. రోజంతా రైతులు తనతో బేరమాడతారు, సాయంత్రం ఇంటికొచ్చి లోకంతో తను బేరమాడతాడు. షోరూం ఓనర్ కొడుకు కొత్త గేమ్ కన్సోల్ కొనుక్కుంటే, పాతది సగం ధరకు తెచ్చి టీవీ కింద పెట్టాడు. పెట్టాక తెలిసిందేమంటే, డబ్బా కొంటే సరిపోదు. ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడాలంటే కంపెనీకి విడిగా చందా కడుతూ ఉండాలి. దాన్నే సబ్‌స్క్రిప్షన్ అంటారు.

ఇంకొకరైతే కట్టి ఊరుకుంటారు, లేదా మానుకుంటారు. నాసిర్ దాన్ని చదివాడు. నెలనెలా కట్టేవాడు అమాయకుడని, ఏడాదికి ఒకేసారి కట్టాలని, అదీ దీపావళి తగ్గింపులో కట్టాలని, నేరుగా కట్టకుండా క్యాష్‌బ్యాక్ వచ్చే యాప్‌లో గిఫ్ట్ కార్డు కొని దాంతో కట్టాలని మా ఆయన శ్యాంసుందర్‌ను మెట్ల మీద నిలబెట్టి పాఠం చెప్పాడు. మా ఇంట్లో కన్సోలే లేదు. అయినా మా ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆయన ఎవరేం చెప్పినా వింటాడు, నేను చెప్పేది తప్ప.

ఆ చదువులోనే నాసిర్‌కు అసలు సంగతి దొరికింది. ఒకే ఇంట్లో రెండో పెద్దమనిషి ఆడాలంటే అదనపు చందా కట్టాలి. పదమూడేళ్ల లోపు పిల్లలకైతే ఉచితం. వాళ్ల పాప రుహీకి అప్పుడు అయిదేళ్లు. రుహీని చేర్చాడు. తర్వాత పర్వీన్‌ను చేర్చబోతూ పుట్టిన సంవత్సరం దగ్గర ఆగాడు. ఆగి, ఆమె ముఖం చూసి, "నువ్వేమన్న పెద్దగ కనపడ్తవా?" అని ఎనిమిదేళ్లు వేశాడు. పర్వీన్‌కు అప్పుడు ఇరవై తొమ్మిది. ఆమె నవ్వింది. కాసేపటికి కిందికొచ్చి నాకు చెప్పి మళ్లీ నవ్వింది.

"అక్కా, ఇగ నాకు బ్యాగు, బాటిల్ గూడ కొనిస్తడేమో అడగాలె," అంది.

పర్వీన్‌ది తొర్రూరు. బీకాం చదివింది, ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మా వీధిలో సగం మంది జాకెట్లు ఆమె చేతివే. స్కూటీ నేర్చుకుంటానని పెళ్లైన కొత్తలో అడిగితే, ఇంటికి ఒక బండి చాలని నాసిర్ లెక్క చెప్పాడట. అలాంటి మనిషి టీవీ ముందు కూర్చుని కారు రేసు ఆడటం మొదలుపెట్టింది. మధ్యాహ్నం రుహీ బడిలో ఉంటుంది. అత్తగారు తాహెరా బేగం జోహర్ నమాజు చేసి ఒక కునుకు తీస్తుంది. ఆ వేళకు మిషను చప్పుడు ఆగి, టీవీ చప్పుడు మొదలవుతుంది. జాకెట్ కొలతలివ్వడానికి పోయినప్పుడు నేను రెండుమూడుసార్లు చూశాను. మిషను మీద కుట్టు వంకర పోకుండా చూసుకునే ముఖమే, అదే ముఖంతో కారు తోలుతుంది. పెదవి కొరుక్కోదు, అరవదు.

"మలుపు కాడ అందరు ముందుగాల్నే బ్రేకేస్తరక్కా. నేను జర ఆగి ఏస్త. గంతే," అని ఒకసారి చెప్పింది.

అంతేనని ఆమె అనుకుంది గానీ అంత చిన్న సంగతి కాదు. ఆ ఆటలో అందరికంటే వేగంగా తోలినవాళ్ల పట్టిక ఒకటుంటుంది. ఒక ఏడాదిలో పర్వీన్ మన రాష్ట్రం పట్టికలో పైకి పోయింది. పోయింది కానీ అక్కడ ఆమె పేరుండదు. పిల్లల పేర్లు బయటివాళ్లకు కనిపించకూడదని కంపెనీ నియమం. మంచి నియమమే, పిల్లలున్న ఎవరైనా ఒప్పుకుంటారు. పైన ఒకరి పేరు, కింద ఒకరి పేరు, మధ్యలో పర్వీన్ ఉండాల్సిన చోట "ప్లేయర్" అని మాత్రం ఉంటుంది.

పిల్లలకు ఇంకో నియమం కూడా ఉంది. రోజుకు గంటే ఆట. గంట కాగానే టీవీ మీద "టైమ్ అయిపోయింది, అమ్మానాన్నలను అడగండి" అని వస్తుంది. అడగడానికి ఒక బటన్. అది నొక్కితే షోరూంలో ఉన్న నాసిర్ ఫోన్ మోగుతుంది. పర్వీన్ ఇంకో అరగంట అడుగుతోంది, ఇవ్వాలా వద్దా? మొదట్లో నాసిర్ నవ్వుకుని ఇచ్చేవాడు, పక్క సీటు వాళ్లకు చూపించేవాడు. కొన్నాళ్లకు ఇచ్చే ముందు ఫోన్ చేసి వాళ్లమ్మ మందుల సంగతి, ఇంటి పనుల సంగతి అడగడం మొదలుపెట్టాడు. "అమ్మీకి గోలీలిచ్చినవా?" "గ్యాసు బుక్ చేసినవా?" జవాబు వచ్చాక అరగంట ఇచ్చేవాడు. ఇంకొన్నాళ్లకు, పొద్దున ఏదో మాట తేడా వచ్చిన రోజు, ఇవ్వడం మానేశాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే. అడిగినా పెట్టని రోజు పర్వీన్ టీవీ ఆపి మళ్లీ మిషను ముందు కూర్చునేది. అతను కావాలని చేశాడని నేను అనుకోను. చేతిలో బటనుంటే మనిషి నొక్కుతాడు. కానీ నాకు ఒళ్లు మండేది. ఆమె మాత్రం ఏమీ అనేది కాదు.

మొన్న దీపావళి ముందు ఒక కాలేజీవాళ్లు ఆడవాళ్లకు కారు రేసు పోటీ పెట్టారు. ముందు ఇంట్లో నుంచే ఆడాలి, అందరికీ ఒకే కారు, ఒకే రోడ్డు. వేగంగా తోలిన ఎనిమిది మందిని ఆదివారం హన్మకొండలో ఒక హాలుకు పిలుస్తారు. జనం ముందు పెద్ద తెర మీద రేసు, తెర మీద పేర్లు. పర్వీన్ మూడో స్థానంలో వచ్చింది. మా వంటింటి కిటికీ దగ్గరికొచ్చి చెప్పింది. ఆమె గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"పేరు ఏస్తరటక్కా. ఊరు పేరు గూడ ఏస్తరట."

ఆ సాయంత్రం నాసిర్ ఫోన్‌కు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ అమ్మాయి ఎంపికైనందుకు అభినందనలు. ఈ పోటీ పద్దెనిమిదేళ్లు నిండినవారికి కాబట్టి మీ అమ్మాయిని పిల్లల విభాగంలోకి మార్చాం. తండ్రిగా మీ సమ్మతి తెలపండి. పెద్దల విభాగానికి శుక్రవారం సాయంత్రంతో గడువు ముగుస్తుంది. నాసిర్ అన్నం దగ్గర అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. అతనికది జోకు. పర్వీన్ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఈ సందులో రుహీ నానమ్మకు విషయం అర్థమయ్యేటట్టు చెప్పింది.

"దాదీ, అబ్బాకు ఇద్దరు బిడ్డలు. అమ్మీ పెద్ద బిడ్డ, నేను చిన్న బిడ్డ. అబ్బానే రాసిండు."

మరునాడు పొద్దున్నే తాహెరా బేగం మోకాళ్లు పట్టుకుంటూ మెట్లు దిగి మా ఇంటికొచ్చింది. ఆమె నాకోసం దిగిరావడం అదే మొదటిసారి.

"బిడ్డా, నువ్వు కాయిదాలు సదువుతవు గదా. మావోడు పెండ్లాన్ని బిడ్డ అని రాసిండట. నిజమేనా?"

మా దగ్గర ఎవరైనా ఎవరినైనా బిడ్డా అంటారు. ఆమె నన్నంటుంది, కోడలినీ అంటుంది, కూరగాయలమ్మే చిలుకమ్మ మా అందరినీ అంటుంది. ఒక్క మొగుడు మాత్రం అనకూడదు. వాళ్లలో అది మరీ గట్టి మాట. భార్యను తల్లితోనో బిడ్డతోనో పోల్చి మొగుడు ఒక మాటంటే ఆమె అతనికి హరామ్ అవుతుందని, ముట్టుకోకూడదని, ఆ తప్పు పోవాలంటే రెండు నెలలు వరసగా రోజా ఉపవాసాలు ఉండాలని తాహెరా బేగం చిన్నప్పుడు పెద్దల దగ్గర విన్నదట. ఇక్కడ మాట కూడా కాదు, రాత. అదీ మూడేళ్ల నుంచి.

"అది కంపెనీ కంప్యూటర్ ఖాలా. చందా తగ్గాలని రాసిండు. నిజంగ కాదు," అన్నాను.

"కంప్యూటర్ల రాస్తే అబద్ధం గాదా?"

మా ఆఫీసు మొత్తం ఆ ప్రశ్న మీదే నడుస్తుంది.

ఇమామ్ సాబ్ కూతురి ఇంటికి తొర్రూరు పోయాడు, గురువారం గాని రాడు. ఫోన్ చేసి అడగండి అంటే, ఇలాంటివి ఫోన్లో అడిగేవి కావని తాహెరా బేగం ఒప్పుకోలేదు. ఆయన వచ్చి చెప్పేదాకా కొడుకును ముందు గదిలో పడుకోమంది. ముప్పై అయిదేళ్ల నాసిర్ తేలు కుట్టిన దొంగలా చాప చంకన పెట్టుకుని ముందు గదిలోకి మారాడు. మెట్ల మీద ఎదురైతే నావైపు చూడటం మానేశాడు. నేను మాత్రం చూశాను. ఆ అవకాశం వదులుకునేంత మంచిదాన్ని కాను.

పర్వీన్ బాధ వేరు. బుధవారం నేను ఆఫీసు నుంచి రాగానే కిందికొచ్చింది.

"నికాహ్‌కేం గాదక్కా. ఆయన మనసుల ఏమున్నదో నాకెరుకలేదా? అమ్మీ ఊకెనే ఫికర్ చేస్తాంది. శుక్రవారం దాటితే నా పేరు పోతది. గదీ నా ఫికర్. నువ్వు ఆఫీసులకు దరఖాస్తులు రాస్తవు గదా, కంపెనీకి ఒకటి రాసిపెట్టు."

రాశాను. పుట్టిన సంవత్సరం పొరపాటున పడింది, ఆధార్ చూపిస్తాం, మార్చండి అని మర్యాదగా రాశాను. పొరపాటు అనే మాట రాయడం నాకు అలవాటే. జవాబు వెంటనే వచ్చింది. పిల్లల ఖాతాలో వయసు మార్చడం కుదరదు. తండ్రి కావాలంటే ఖాతా మొత్తం తుడిచేయవచ్చు, అప్పుడు ఇన్నాళ్ల ఆట, గెలిచిన కార్లు అన్నీ పోతాయి. లేదంటే అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగాలి. పర్వీన్ మేజర్ కావడానికి ఇంకా ఏడేళ్లుంది. అప్పటికి ఆమెకు ముప్పై తొమ్మిది వస్తాయి.

గురువారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఇమామ్ సాబ్ వచ్చాడు. పెద్దాయన, మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కి కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ముందు గదిలో ఆయన, నాసిర్, తాహెరా బేగం. లోపలి గదిలో పర్దా వెనక పర్వీన్, నేను. నన్ను తోడుండమని ఆమే పిలిచింది. పిలవకపోయినా ఏదో వంక పెట్టుకుని పోయేదాన్ని.

"నోటితోని అన్నవా?" అని ఇమామ్ సాబ్ అడిగాడు.

"లేదు హజ్రత్. ఫోన్ల రాసిన," నాసిర్ గొంతు చిన్నగా ఉంది.

"ఏం నియ్యత్‌తోని రాసినవ్?"

"చందా మిగుల్తదని."

"ఆమెను ఇడిసివెట్టాల్నని ఏమన్న ఖయాల్ ఉండెనా?"

"తౌబా తౌబా. లేదు హజ్రత్."

చాయ్ కప్పు కింద పెట్టిన చప్పుడైంది. "నికాహ్‌కు ఏం గాలే. రోజాలు గూడ అక్కర్లేదు. ఫికర్ వెట్టుకోకు తాహెరా బీ. కని అబద్ధం అబద్ధమే. గసొంటిది మల్ల రాయకు."

తాహెరా బేగం అల్లాకు గట్టిగా శుక్రు చెప్పుకుంది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ నాసిర్‌కు గండం గట్టెక్కిన సంతోషంలో నోరు లేచింది. తను చేసింది ఎంత తెలివైన పనో, ఎంత అమాయకమైన పనో ఒకేసారి చెప్పాలనిపించింది. ఫోన్ తీసి ఇమామ్ సాబ్ పక్కన కూర్చోవడం పర్దా సందులోంచి కనిపించింది.

"సూడున్రి హజ్రత్, ఊకె పేరుకే. గంట అయినంక ఆమె గీడ టైమ్ అడుగుతది. నేను గీడ ఒత్తుత. గంతే."

"రోజు అడుగుతదా?"

"రోజు అడుగుతది."

"నువ్విస్తవా?"

"ఇస్త. శాన దినాలు ఇస్త."

"ఇయ్యని దినం గూడ ఉంటదన్నట్టు."

ఇమామ్ సాబ్ ఫోన్ నాసిర్ చేతిలో పెట్టాడు.

"నీ నియ్యత్ల బిడ్డ గాదంటివి. నీ నడత సూస్తె బిడ్డనే ఉన్నది. రాసినప్పుడు ఆమెను అడిగినవా?"

"నవ్వింది హజ్రత్."

"అప్పుడు నవ్విన," అంది పర్వీన్.

పర్దా వెనక నుంచి, గట్టిగా కాదు, మామూలు గొంతుతో. అత్తగారి ముందు, ఇమామ్ సాబ్ ముందు ఆమె మాట్లాడటం నేనప్పుడే విన్నాను. ఇమామ్ సాబ్ లేచి చెప్పులేసుకున్నాడు. "నన్ను అడిగేదేం లేదు. గామెను అడుగున్రి," అని మెట్లు దిగిపోయాడు.

శుక్రవారం జుమ్మా నమాజు నుంచి నాసిర్ ఒక ఆలోచనతో తిరిగొచ్చాడు. ఆ ఆలోచన వచ్చిందని అతని నడకలోనే తెలిసింది. నేను అప్పుడు పైనే ఉన్నాను. ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టాను, తలనొప్పని చెప్పి.

"పర్వీన్, నేనొకటి సోచాయించిన. పిల్లల్ల ఆడితే నువ్వు పక్కా ఫస్టు. అండ్ల నీకు పోటీ ఎవరు? ఒక్క ఆదివారం ఓపిక పట్టు. ఆ ప్రైజు పైసలతోని నీకు కొత్త చందా కట్టుకుందాం. అటెన్క పాతది తుడిసేద్దాం. మన జేబులకెల్లి రూపాయి పోదు."

ఇమామ్ సాబ్ చెప్పినదంతా విన్నాక కూడా ఈ మనిషికి తగ్గింపు కనిపించిందే అని నాకు నిజంగా కోపమొచ్చింది. పర్వీన్‌కు రాలేదు. ఆమె కత్తెర పక్కన పెట్టి, ఒళ్లో దారప్పోగులు దులుపుకుంది.

"నన్ను తీస్కపోయి రుహీ ఈడు పిల్లల పక్కపొంటి కూసోవెడ్తవా?"

"ఎవరికి తెలుస్తది—"

"జనం ముంగట ఆడుడు గదా. నన్ను సూడరా?"

నాసిర్ ఆ సంగతి ఆలోచించలేదు. కాగితం మీద ఎనిమిదేళ్లు రాసినప్పుడు మనిషి ఎక్కడా కనపడదు కదా.

"తుడిసెయ్," అంది.

"మూడేండ్లది పర్వీన్. కార్లన్ని పోతయ్. నీ రికార్డులన్ని పోతయ్."

"గవి నావి గావు. గా ఎనిమిదేండ్ల పిల్లవి."

తుడవాలంటే అతని ఫోనే కావాలి. నిజంగానా అని కంపెనీ మళ్లీ మళ్లీ అడిగింది. ప్రతిసారీ అతను ఆమెవైపు చూశాడు, ప్రతిసారీ ఆమె తలూపింది. చివరి బటన్ దగ్గర అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పోతున్న దానికా, చేసిన దానికా అన్నది నాకు తెలియదు. రెండూ అయ్యుండొచ్చు. నాకు అతని మీద మొదటిసారి జాలేసింది.

తర్వాత పర్వీన్ తన ఫోన్లో తన పేరున కొత్త ఖాతా తెరిచింది. పుట్టిన సంవత్సరం దగ్గర తను పుట్టిన సంవత్సరమే వేసింది. జాకెట్లు కుట్టిన డబ్బుతో చందా కట్టింది, గిఫ్ట్ కార్డు లేకుండా, తగ్గింపు లేకుండా, ఒక్క నెలకు.

"నెలకా? ఏడాదికైతే—" అని నాసిర్ మొదలుపెట్టి, నోరు మూసుకున్నాడు.

పాత ఖాతాతో పాటు మూడో స్థానం కూడా పోయింది, సాయంత్రం గడువు తీరేలోగా కొత్త పేరుతో మళ్లీ తోలాలి. పోటీలో అందరికీ ఇచ్చే కారే కాబట్టి పాత కార్లు పోయినా నష్టం లేదు. కానీ కంగారుపడితే నష్టం. మొదటిసారి గోడకు కొట్టింది. రెండోసారి మలుపు దగ్గర అందరిలాగే ముందే బ్రేకేసింది. ఆమె మీద ఆమెకు నమ్మకం తగ్గినట్టు నాకే తెలిసింది. తాహెరా బేగం కునుకు మానుకుని, తస్బీ పూసలు తిప్పుతూ టీవీకి కొంచెం దూరంగా కూర్చుంది. కారు తిరిగినప్పుడల్లా ఆమె కూడా ఆ పక్కకు వంగింది.

"గంట దాటింది, టైమ్ అడగాల్నేమో," అని పర్వీన్ అలవాటుగా తెర వైపు చూసింది. తెర ఏమీ అనలేదు. ఆట నడుస్తూనే ఉంది. ఆమె చేతులు చున్నీకి తుడుచుకుంది. ఆ తర్వాత తోలింది చూడాలి. ప్రతి మలుపు దగ్గరా జర ఆగి వేసింది.

రుహీ బడి బ్యాగు దించకుండానే టీవీ దగ్గరికి పోయి పట్టిక కూడబలుక్కుంటూ చదివింది. ఆరో వరసలో ఆగింది.

"పర్వీన్. హన్మకొండ. అమ్మీ, గిది నువ్వే!"

మూడో స్థానం నుంచి ఆరుకు దిగింది. అయినా పేరుంది. ఒక పేరు చూసి నేనింత సంతోషపడతానని అనుకోలేదు. రోజూ ఆఫీసులో వందల పేర్లు చూస్తాను. తాహెరా బేగం ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాకపోయినా కోడలి తల మీద చేయి పెట్టి "శాభాష్ బిడ్డా" అంది. ఆమె అనొచ్చు.

శనివారం పొద్దున పర్వీన్ మా వంటింట్లో గడప మీద కూర్చుని నా జాకెట్‌కు హుక్కులు కుడుతోంది. ఆమె ఫోన్ మోగింది. తీసి చూసి, నాకు చూపించింది. నాసిర్ మీ కుటుంబంలో చేరాలని అడుగుతున్నారు. కింద రెండు బటన్లు, ఒప్పుకోండి, తర్వాత. నాసిర్ ఏడాది చందా ఆ రోజుతో తీరిపోయింది. విడిగా కట్టడం కన్నా ఆమె దాంట్లో రెండో పెద్దమనిషిగా చేరితే చవక. పొద్దున్నే కూర్చుని లెక్క తేల్చి ఉంటాడు.

పర్వీన్ బటన్ నొక్కలేదు. మెసేజ్ తెరిచి టైప్ చేసింది. అమ్మీకి గోలీలిచ్చినవా?

నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. "పంపియ్," అన్నాను. మూడేళ్లుగా నేను ఎదురుచూస్తున్న మాట అది.

ఆమె కాసేపు చూసి, అక్షరం అక్షరం వెనక్కి చెరిపేసింది.

"గట్ల అడిగితే ఎట్లుంటదో నాకెరుకనే గదక్కా," అంది. లేచి మెట్ల దగ్గరికి పోయి పైకి పిలిచింది. "రుహీ అబ్బా! జర కిందికి రా. ఫోన్ల గాదు, నోటితోని అడుగు."

నాసిర్ దిగొచ్చాడు. మా గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఫోన్ చేతిలోనే ఉంది. నన్ను చూసి కొంచెం సిగ్గుపడ్డాడు.

"నన్ను గూడ చేర్చుకుంటవా?"

"ఎందుకు?"

జవాబు ఏం వస్తుందో నాకు తెలుసు. అదే వచ్చింది.

"ఇద్దరికి ఒక్కటే చందా అయితే పైసలు మిగుల్త..." అంటూ మధ్యలో ఆగిపోయాడు. నేను పొంగని పాలవైపు చూస్తూ నిలబడ్డాను.

పర్వీన్‌కు కోపం రాలేదు. నవ్వనూ లేదు. "తర్వాత" అని ఉన్న బటన్ నొక్కింది.

"మూడేండ్లల్ల నా రేసు ఒక్కటన్న పూరాగ సూసినవా?"

"లేదు."

"రేపు రా. కూసోని సూడు. సూసినంక అడుగు."

"వస్త," అన్నాడు నాసిర్. నిజంగానే అన్నాడు, అతని గొంతులో తేడా తెలిసింది. రెండు మెట్లెక్కి, అలవాటు ఊరుకోక వెనక్కి తిరిగాడు. "లోపల్కి పోనీకి టికెట్ ఉంటదా?"

"ఉంటది," అంది పర్వీన్ సూదిలో దారం ఎక్కిస్తూ. "పిల్లలకు ఉచితం. పెద్దలకే టికెట్."

నాసిర్ మెట్టు మీదే కూర్చుని ఫోన్ తెరిచాడు. తనకొకటి, వాళ్ల అమ్మీకొకటి, రెండు టికెట్లు పెట్టాడు. డబ్బు కట్టేచోట కూపన్ ఉంటే వేయమని ఒక ఖాళీ గడి ఉంటుంది. అక్కడ అతని వేలు ఆగడం నేను వంటింట్లో నుంచి చూశాను. కాసేపు ఆగి, కిందికి జరిగింది.